పిల్లల చేతిలో ఫోన్: ఇంటి నియమాలు ఎలా ఉండాలి? అండమాన్ తెలుగు కుటుంబాల నేపథ్యంలో సమగ్ర వివరణ

శ్రీ విజయపురం: బంగాళాఖాతం అడుగున చెన్నై నుంచి అండమాన్ నికోబార్ దీవుల వరకు పరచిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అప్పటి పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్), లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కామోర్టా, గ్రేట్ నికోబార్‌లను కలుపుతూ సుమారు 2,300 కిలోమీటర్ల మేర సాగిన ఈ ప్రాజెక్టుకు దాదాపు రూ.1,224 కోట్లు ఖర్చయింది. అంతవరకు దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే ఆధారపడేది. ఒక చిన్న వీడియో తెరపైకి రావడానికి నిమిషాల తరబడి వేచి ఉండవలసిన పరిస్థితి కొద్ది నెలల్లోనే మారిపోయింది.

ప్రధాన భూభాగంలో పదేళ్లకు పైగా క్రమంగా జరిగిన మార్పు దీవుల్లో దాదాపు ఒక్కసారిగా జరిగింది. ఇళ్లలో ఫోన్ వాడకానికి ఒక కట్టుబాటు ఏర్పడేలోపే కోవిడ్ కాలపు ఆన్‌లైన్ తరగతులు, వాటి వెనుకే రీల్స్, గేములు, వాట్సాప్ గ్రూపులు పిల్లల చేతికి చేరాయి. ఫోన్ ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. ఎప్పుడు, ఎంతసేపు, ఏ హద్దుల్లో ఇవ్వాలన్నదే ఇప్పుడు ప్రతి ఇంటి ముందున్న ప్రశ్న. వైద్య సంఘాల సూచనలు, చట్టాలు, దీవుల ప్రత్యేక పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని కుటుంబాలు తమకు తగిన నియమాలను ఎలా రూపొందించుకోవచ్చో ఈ కథనం వివరిస్తుంది.

దీవుల తెలుగువారికి ఫోన్ ఎందుకు భిన్నం?

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా సుమారు 3.80 లక్షలు. వారిలో దాదాపు 50 వేల మంది, అంటే 13 శాతానికి పైగా, తెలుగును మాతృభాషగా పేర్కొన్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. వీరిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తదితర ఉత్తరాంధ్ర తీర ప్రాంతాల్లో ఉన్నాయి. చేపల వేట, వ్యాపారం, నిర్మాణ పనులు, ప్రభుత్వోద్యోగాలు వీరి ప్రధాన జీవనాధారాలు.

విశాఖపట్నం నుంచి ఓడలో రావడానికి రెండు రోజులకు పైగానే పడుతుంది. విమాన ఛార్జీలు సామాన్య కుటుంబాలకు తరచుగా అందుబాటులో ఉండవు. అందువల్ల ఊళ్లో ఉన్న అమ్మమ్మను, తాతయ్యను పిల్లలు చూసేది ఎక్కువగా వీడియో కాల్‌లోనే. దీవుల్లో వేర్వేరు భాషల వారిని కలిపే వాడుక భాష హిందీ. ఆటస్థలంలో, బజారులో, బడిలో స్నేహితుల మధ్య అదే నడుస్తుంది. ఇంటి గడప దాటిన తర్వాత తెలుగు వినిపించే అవకాశం తగ్గుతున్న కొద్దీ, ఆ భాష పిల్లల చెవిన పడే మార్గాల్లో ఫోన్ ఒకటిగా మారింది.

ఈ కారణంగా ఇతర ప్రాంతాల కోసం రాసిన నియమాలను యథాతథంగా ఇక్కడ అమలు చేయడం కష్టం. రోజుకు ఒక గంట అని గీత గీసి, ఆ గంటలోనే నాన్నమ్మతో మాట్లాడే పది నిమిషాలను కూడా లెక్కిస్తే, కోత పడేది బహుశా ఆ పది నిమిషాలకే. పిల్లలు రీల్స్‌ను వదులుకోరు, పలకరింపును వదులుకుంటారు. ఏ నియమమైనా ఈ తేడాను ముందుగా గుర్తించాలి.

వైద్య సంఘాలు ఏం చెబుతున్నాయి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో అయిదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు విడుదల చేసింది. భారతీయ శిశువైద్యుల సంఘం (ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్) కూడా మన దేశ పరిస్థితులకు అనుగుణంగా సూచనలు రూపొందించింది. వాటి సారాంశం ఇది:

• రెండేళ్లలోపు: ఏ రకమైన తెర కూడా వద్దు. బంధువులతో అప్పుడప్పుడు మాట్లాడే వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఉంది.

• 2 నుంచి 5 ఏళ్లు: పెద్దల పర్యవేక్షణలో రోజుకు ఒక గంటకు మించకూడదు. ఎంత తక్కువైతే అంత మంచిది.

• 5 నుంచి 10 ఏళ్లు: రోజుకు రెండు గంటల కంటే తక్కువ.

• కౌమార దశ: నిర్ణీత గంటల కంటే సమతూకం ముఖ్యం. నిద్ర, చదువు, శారీరక శ్రమ, కుటుంబంతో గడిపే సమయం, అభిరుచులు వీటిలో ఏదీ ఫోన్ వల్ల దెబ్బతినకూడదు.

వీటితో పాటు 5 నుంచి 17 ఏళ్ల వారు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు శరీరానికి శ్రమ కలిగే ఆటలు, వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు.

సోషల్ మీడియా విషయంలో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి 2023 మేలో ఒక హెచ్చరిక పత్రం విడుదల చేశారు. రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే కౌమార వయస్కుల్లో కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యల ముప్పు రెట్టింపుగా కనిపిస్తోందని అందులో పేర్కొన్నారు. అయితే ఇటువంటి అధ్యయనాలు చాలావరకు రెండింటి మధ్య సంబంధాన్ని మాత్రమే చూపుతాయి. ఫోన్ వల్లే దిగులు కలిగిందా, దిగులుగా ఉన్న పిల్లలు ఫోన్‌ను ఎక్కువగా ఆశ్రయిస్తున్నారా అన్నది ప్రతి సందర్భంలోనూ తేల్చి చెప్పలేం. కాబట్టి తల్లిదండ్రులు గంటలతో పాటు పిల్లల తీరును కూడా గమనించాలి.

అన్ని నిమిషాలూ ఒకటి కావు

నియమాలు రాసుకునే ముందు ఫోన్ వాడకాన్ని నాలుగు రకాలుగా విడదీసుకోవడం మేలు.

మొదటిది బంధం. ఊళ్లోని పెద్దలతో, వేటకు లేదా ఉద్యోగానికి వేరే దీవికి వెళ్లిన తండ్రితో మాట్లాడటం దీని కిందకు వస్తుంది. దీనికి గంటల పరిమితి అవసరం లేదు, వేళ ఉంటే చాలు.

రెండోది చదువు. బడి పంపిన పాఠం, సందేహ నివృత్తికి చూసే వీడియో ఇందులో చేరతాయి. ఆన్‌లైన్ తరగతుల కోసం కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో విడుదల చేసిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు కూడా 1 నుంచి 8వ తరగతి వరకు రోజుకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున రెండు విడతలకు, 9 నుంచి 12వ తరగతి వరకు నాలుగు విడతలకు మించవద్దని చెప్పాయి. చదువు పేరుతో కూడా హద్దు లేని వాడకం మంచిది కాదని దీని భావం.

మూడోది సృజన. బొమ్మ గీయడం నేర్చుకోవడం, పాట రికార్డు చేయడం, కథ చదివి వినిపించడం వంటివి. పెద్దలు పక్కన ఉంటే ఇది ఉపయోగకరమే.

నాలుగోది అంతులేని వినోదం. నియమాలు ప్రధానంగా అవసరమయ్యేది దీనికే. ఒక వీడియో ముగియగానే మరొకటి దానంతట అదే మొదలవుతుంది. వేలితో పైకి తోస్తున్న కొద్దీ కొత్తది వస్తూనే ఉంటుంది. ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో లెక్కగట్టి, దానికి తగినట్టుగా తర్వాతి వీడియోను యాప్ ఎంపిక చేస్తుంది. పుస్తకానికి చివరి పుట ఉంటుంది, సినిమాకు ముగింపు ఉంటుంది. ఈ వీడియోల వరుసకు మాత్రం ఆగే చోటు ఉండదు. పిల్లలు ఆపలేకపోవడాన్ని కేవలం మొండితనంగా చూడకూడదని చెప్పడానికి ఇదే ప్రధాన కారణం. యాప్‌లో లేని ముగింపును ఇంటి నియమమే సమకూర్చాలి.

సూర్యాస్తమయమే గడియారం

దేశమంతటికీ ఒకే ప్రామాణిక సమయం ఉండటంతో, తూర్పున ఉన్న అండమాన్‌లో పొద్దు తొందరగా వాలుతుంది. నవంబరు చివరి వారాల్లో శ్రీ విజయపురంలో సాయంత్రం 5 గంటలకే చీకటి కమ్ముకుంటుంది. జూన్‌లో కూడా 6 గంటలలోపే సూర్యుడు అస్తమిస్తాడు. వేసవిలో తెల్లవారడం కూడా 5 గంటలకే. బడి నుంచి వచ్చిన పిల్లలకు వెలుతురులో ఆడుకునే సమయం తక్కువగా, చీకటి పడ్డాక ఇంట్లో గడిపే సమయం ఎక్కువగా ఉంటుంది. ఆ దీర్ఘమైన సాయంత్రాన్ని సులభంగా నింపేది ఫోనే.

దీవుల కుటుంబాలకు ఇందులో ఒక సహజమైన నియమం దొరుకుతుంది. వెలుతురు ఉన్నంతసేపు బయట ఆట, దీపం పెట్టిన తర్వాతే ఫోన్. గడియారం చూడటం ఇంకా రాని చిన్న పిల్లలకు సైతం ఇది అర్థమవుతుంది. పగటి వెలుతురులో గడపడం కంటికి కూడా మేలు చేస్తుంది. ఎక్కువసేపు ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువని నేత్ర వైద్యులు చెబుతున్నారు. తెర చూస్తున్నప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును 20 సెకన్లపాటు చూడటం కళ్ల అలసటను తగ్గిస్తుంది.

తెల్లవారడం తొందర కాబట్టి పడుకోవడం కూడా తొందరగానే ఉండాలి. ఉదయం 5 గంటలకే వెలుతురుతో లేచే పదేళ్ల పిల్లవాడికి తొమ్మిది గంటల నిద్ర దక్కాలంటే రాత్రి 8 గంటలకే పడుకోవాలి. అతను రాత్రి 11 గంటల వరకు రీల్స్ చూస్తే దక్కేది ఆరు గంటల నిద్ర మాత్రమే.

రాత్రి ఫోన్ ఎక్కడ ఉండాలి?

పడుకునే గదిలో ఫోన్ ఉండరాదన్న సూచన పలు మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. అయితే 2004 డిసెంబరు 26 నాటి సునామీని చవిచూసిన దీవుల్లో రాత్రివేళ ఫోన్ పూర్తిగా కట్టేయమని చెప్పడం సరికాదు. భారత సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి పనిచేస్తోంది. తుపాను, సునామీ హెచ్చరికలు ఇప్పుడు ఫోన్లకు కూడా అందుతున్నాయి.

రెండు అవసరాలనూ తీర్చే మార్గం ఒకటుంది. రాత్రి నిర్ణీత సమయానికి ఇంట్లోని ఫోన్లన్నీ, పెద్దల ఫోన్లతో సహా, హాలులో ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టాలి. యాప్‌ల నోటిఫికేషన్లు ఆపివేసి, కాల్స్‌కు, ప్రభుత్వ హెచ్చరికలకు మాత్రం శబ్దం వచ్చేలా ఉంచాలి. అత్యవసరమైతే మోత వినిపిస్తుంది, దుప్పటి కింద వెలిగే తెర మాత్రం ఉండదు. నిద్ర లేపడానికి ఫోన్ అలారం కావాలని పిల్లలు అడిగితే ఒక మామూలు అలారం గడియారం కొనివ్వడం సులభం.

ఇంటి ఒప్పందం: ఎలా రాయాలి?

నియమాలను కోపంలో ఉన్నప్పుడు ప్రకటించకూడదు. సెలవు రోజున అందరూ కలిసి కూర్చొని, పిల్లల మాట కూడా విని, ఒక కాగితంపై రాసుకోవాలి. అమెరికా శిశువైద్యుల సంఘం ‘కుటుంబ మీడియా ప్రణాళిక’ పేరుతో ఇటువంటి పద్ధతినే చాలాకాలంగా ప్రోత్సహిస్తోంది. నియమాలు పదికి మించకుండా, ప్రతి నియమం ఒక్క వాక్యంలో ఉంటే గుర్తుంచుకోవడం తేలిక. దీవుల్లోని ఒక తెలుగు కుటుంబానికి నమూనాగా ఈ కింది ఒప్పందం ఉపయోగపడవచ్చు.

1. వెలుతురు ఉన్నంతసేపు ఆట; చీకటి పడ్డాక, హోంవర్క్ ముగిశాకే ఫోన్.

2. అన్నం తినేటప్పుడు ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు. ఈ నియమం నాన్నకు, అమ్మకు, ఇంటికి వచ్చిన బంధువులకు కూడా వర్తిస్తుంది.

3. అమ్మమ్మ, తాతయ్య, నాన్నమ్మలతో మాట్లాడిన సమయం లెక్కలోకి రాదు. ఆ మాటలు తెలుగులోనే సాగుతాయి.

4. వినోదానికి బడి రోజుల్లో ఇంత, సెలవు రోజుల్లో ఇంత అని ముందే నిర్ణయించిన సమయం ఉంటుంది.

5. పడుకునే ముందు ఒక గంట తెర ఉండదు. ఫోన్లన్నీ హాలులో ఉంటాయి.

6. కొత్త యాప్ వేసుకోవాలన్నా, కొత్త ఖాతా తెరవాలన్నా ముందుగా పెద్దలకు చెప్పాలి.

7. బడి పేరు, ఇల్లు ఉన్న చోటు, ఫోన్ నంబరు, యూనిఫాంలో ఉన్న ఫొటో ఎవరికీ పంపరాదు. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పరాదు.

8. ఇతరుల ఫొటో పెట్టే ముందు వారి అనుమతి తీసుకోవాలి. పిల్లల ఫొటోలు పెట్టే ముందు తల్లిదండ్రులు కూడా పిల్లలను అడగాలి.

9. ఆన్‌లైన్‌లో భయపెట్టేది, సిగ్గు కలిగించేది ఏది ఎదురైనా ఇంట్లో చెప్పాలి. చెప్పినందుకు ఫోన్ లాక్కోరు, తిట్టరు.

10. నెలకు ఒకసారి ఈ కాగితాన్ని మళ్లీ చదివి, అవసరమైతే మార్చుకుంటాం.

వీటిలో తొమ్మిదో నియమం మిగతా వాటన్నింటికంటే ముఖ్యమైనది. ఫోన్ పోతుందన్న భయంతోనే చాలామంది పిల్లలు బెదిరింపులను, వేధింపులను దాచిపెడతారు. బెదిరించేవారికి ఆ మౌనమే బలం.

ఒకే ఫోన్ ఉన్న ఇళ్లలో...

చాలా ఇళ్లలో పిల్లలకు వేరే ఫోన్ ఉండదు. తండ్రి ఫోన్‌నే అందరూ వాడుకుంటారు. అందులోనే యూపీఐ, బ్యాంకు సందేశాలు, పెద్దల వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. ఇటువంటి ఇళ్లలో మొదట చేయవలసిన పని చెల్లింపు యాప్‌లకు, వాట్సాప్‌కు ప్రత్యేకంగా లాక్ పెట్టడం. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకే యాప్ తెరిచి ఉండేలా చేసే ‘స్క్రీన్ పిన్నింగ్’, పిల్లలకు వేరుగా ‘గెస్ట్’ లేదా రెండో యూజర్ ప్రొఫైల్ పెట్టుకునే సౌకర్యం ఉంటాయి. యూట్యూబ్‌లో ‘ఆటోప్లే’ను ఆపివేయడం ఒక్క నొక్కుతో అయ్యే పని. దానంతట అదే మొదలయ్యే వరుస వీడియోలకు అదే తొలి అడ్డుకట్ట.

పిల్లలకు సొంత ఫోన్ ఉంటే గూగుల్ ‘ఫ్యామిలీ లింక్’ ద్వారా యాప్‌ల అనుమతి, రోజువారీ పరిమితి, నిద్ర వేళలను తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. ఐఫోన్‌లో ‘స్క్రీన్ టైమ్’ అదే పని చేస్తుంది. ఏం పెట్టారో పిల్లలకు ముందే చెప్పాలి. రహస్యంగా నిఘా పెట్టి, తర్వాత అది బయటపడితే పిల్లలు నేర్చుకునేది మరింత రహస్యంగా ఉండటమే.

సొంత ఖాతా ఎప్పుడు?

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి వేదికల సొంత నిబంధనల ప్రకారమే 13 ఏళ్లలోపు వారు ఖాతా తెరవకూడదు. పుట్టిన సంవత్సరం తప్పుగా నమోదు చేసి ఖాతా తెరిచిన పిల్లలకు రెండు నష్టాలున్నాయి. వారి వయసు వారి కోసం ఏర్పాటు చేసిన రక్షణలు వర్తించవు. పెద్దలకు చూపే ప్రకటనలు, వీడియోలు వారికి చేరతాయి. కాబట్టి ఖాతా తెరవడానికి తల్లిదండ్రులే తప్పుడు వయసు వేసి సహకరించడం మంచిది కాదు.

ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో ప్రకటించిన ‘టీన్ అకౌంట్స్’ విధానాన్ని 2025 ఫిబ్రవరిలో భారత్‌కు విస్తరించింది. దీని కింద 18 ఏళ్లలోపు వారి ఖాతా మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివారు నేరుగా సందేశం పంపలేరు, గంట తర్వాత ఆపమని గుర్తుచేస్తుంది, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు రావు. 16 ఏళ్లలోపు వారు ఈ రక్షణలను సడలించుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి.

అయితే సెట్టింగులు తెలియకపోతే ఈ రక్షణలు కాగితానికే పరిమితమవుతాయి. గ్రామీణ భారతంపై 2025 జనవరిలో వెలువడిన ‘అసర్-2024’ నివేదిక ప్రకారం 14-16 ఏళ్ల వారిలో 80 శాతానికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారే. సోషల్ మీడియా వాడుతున్న వారిలో ఒక ప్రొఫైల్‌ను బ్లాక్ చేయడం లేదా ఫిర్యాదు చేయడం 62 శాతం మందికి, ఖాతాను ప్రైవేటుగా మార్చడం 55 శాతం మందికి మాత్రమే తెలుసు. ఖాతా తెరవడానికి ముందే బ్లాక్, రిపోర్ట్, ప్రైవేట్ అనే మూడు పనులూ పిల్లలు చేసి చూపాలన్న షరతు పెట్టుకోవడం ఆచరణీయం.

దీవుల్లోనే వర్తించే మరో నియమం

అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా ఆదిమ తెగ నివసించే అభయారణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు ఆపడం, జరావాల ఫొటోలు, వీడియోలు తీయడం నిషిద్ధం. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను 2012లో సవరించి శిక్షలను కఠినతరం చేశారు. జరావా మహిళల చేత పర్యాటకుల ముందు నృత్యం చేయించిన వీడియో అదే ఏడాది జనవరిలో వెలుగుచూసి దేశవ్యాప్తంగా ఆగ్రహానికి కారణమైంది. 2025 మార్చిలో ఉత్తర సెంటినెల్ ద్వీపంలో అక్రమంగా అడుగుపెట్టిన ఒక అమెరికా యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు. ఆ ప్రయాణాన్ని అతడు వీడియో కూడా తీసుకున్నాడు.

బస్సు కిటికీలోంచి తీసిన పది సెకన్ల వీడియో పిల్లలకు సరదాగా కనిపించవచ్చు. చట్టం దృష్టిలో అది నేరం కావచ్చు. అంతకంటే ముఖ్యంగా, తమ చిత్రం ఎక్కడికి వెళ్తుందో తెలియని మనుషులను ప్రదర్శనకు పెట్టడం అవుతుంది. ఆ మార్గంలో ప్రయాణించేటప్పుడు ఫోన్లు సంచిలోనే ఉండాలన్నది దీవుల్లోని ప్రతి ఇంటి నియమం కావాలి. ఇతరుల అనుమతి లేకుండా ఫొటో తీయకూడదన్న పాఠాన్ని పిల్లలకు బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మరొకటి ఉండదు.

చట్టం ఎక్కడి వరకు వస్తుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం-2023 ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి డేటాను సేకరించే ముందు సంస్థలు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి తీసుకోవాలి. పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడం, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడం కూడదు. ఉల్లంఘనకు రూ.200 కోట్ల వరకు జరిమానా ఉంటుంది. ఈ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను నిషేధించే చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదముద్ర వేశారు. 13 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియాను నిషేధించాలని కోరిన పిటిషన్‌ను 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు విచారణకు స్వీకరించలేదు. అది విధానపరమైన అంశమని, ప్రభుత్వాన్ని ఆశ్రయించాలని సూచించింది. ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న చట్టం 2025 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది. అక్కడ జరిమానా కంపెనీలకే తప్ప పిల్లలకు, తల్లిదండ్రులకు కాదు. ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నట్లు ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో తెలిపారు.

చట్టం ఖాతాను ఆపగలదు. పక్కింటి పిల్లవాడి ఫోన్‌లో చూసే రీల్‌ను, అర్ధరాత్రి వెలిగే తెరను ఆపడం దాని చేతిలో లేదు. అక్కడ పని చేయవలసింది ఇంటి నియమమే.

తేడా వస్తే ఏం చేయాలి?

నియమం తప్పడం సహజం. ముందుగా చెప్పిన చిన్న పర్యవసానం, ఉదాహరణకు మరుసటి రోజు వినోద సమయంలో అరగంట కోత, అమలు చేస్తే చాలు. వారాల తరబడి ఫోన్ దాచేయడం వల్ల సాధారణంగా దొంగచాటు వాడకమే పెరుగుతుంది. నిద్ర, తిండి, చదువు దెబ్బతినడం, ఫోన్ తీసుకుంటే తీవ్రంగా విరుచుకుపడటం, ఇష్టమైన ఆటలను, స్నేహితులను వదిలేయడం కొన్ని వారాలు కొనసాగితే వైద్యులను సంప్రదించాలి. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో సాంకేతిక పరికరాల వ్యసనంపై ‘షట్’ పేరుతో ప్రత్యేక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. దీవుల నుంచి అంత దూరం వెళ్లలేని వారు కేంద్ర ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవను 14416 నంబరులో ఉచితంగా పొందవచ్చు.

ఫొటోలతో బెదిరింపులు ఎదురైతే పాటించవలసిన క్రమం ఇది. డబ్బు చెల్లించరాదు, మరో ఫొటో పంపరాదు. సంభాషణలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి భద్రపరచాలి. ఆ ఖాతాను రిపోర్ట్ చేసి బ్లాక్ చేయాలి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. పిల్లల సహాయం కోసం 1098 అందుబాటులో ఉంటుంది. పిల్లల అసభ్య చిత్రాలను ప్రచురించడం, పంపడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, పోక్సో చట్టం కింద తీవ్రమైన నేరాలు. తప్పు బెదిరించినవారిదే, పిల్లలది కాదన్న మాట వారికి మొదటే చెప్పాలి.

తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు

ఇప్పటికే అలవాటైన పిల్లలకు నియమాలు ఎలా మొదలుపెట్టాలి?

ఒక వారం ఏమీ మార్చకుండా ఫోన్‌లోనే ఉండే వాడకం లెక్కను అందరూ కలిసి చూడాలి. పెద్దల లెక్క కూడా పక్కన పెట్టాలి. ఆ తర్వాత ఒక్క నియమంతో, ముఖ్యంగా రాత్రి ఫోన్ హాలులో ఉంచడంతో, మొదలుపెట్టి మిగతావి ఒక్కొక్కటిగా చేర్చాలి.

అందరి దగ్గరా ఉంది, నాకే లేదని పిల్లలు అంటే?

చిన్న ఊళ్లలో, దీవుల్లో ఒక తరగతి పిల్లల తల్లిదండ్రులు ఒకరికొకరు తెలిసే ఉంటారు. నలుగురైదుగురు కుటుంబాల వారు మాట్లాడుకుని ఒకే వయసుకు, ఒకే వేళకు కట్టుబడితే ఆ ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది.

అన్నం తినిపించడానికి ఫోన్ ఇవ్వడం తప్పా?

అప్పుడప్పుడు జరిగితే ప్రమాదం లేదు, అలవాటుగా మారితే ఇబ్బందే. తెర చూస్తూ తినే పిల్లలకు ఆకలి, కడుపు నిండటం తెలియవు. తినిపించేవారితో మాటలు కూడా తగ్గుతాయి.

పిల్లలకు తెలుగు రావడానికి తెలుగు వీడియోలు చూపిస్తే సరిపోతుందా?

వినడం వల్ల మాటలు పరిచయమవుతాయి. మాట్లాడటం మాత్రం ఎదుటివారు బదులిచ్చినప్పుడే వస్తుంది. చూసిన కథను పిల్లలు ఆ రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మకు తిరిగి చెబితే ఆ తెర సమయానికి ప్రయోజనం ఉన్నట్టే. నెట్‌వర్క్ సరిగా లేని రోజున అదే కథను ఇంట్లో అమ్మకో నాన్నకో చెప్పించవచ్చు.